విడిగా నడుస్తున్న ఎంఎక్స్ రౌటర్‌ను వర్చువల్ ఛాసిస్‌లో కలిపే ముందు దాని కాన్ఫిగ్‌ను సిద్ధం చేయడం

మీ పరిస్థితి ఇది: రెండు జునిపర్ ఎంఎక్స్480లు, రెండింటి మీదా కస్టమర్లు ఉన్నారు. ఆర్1ను మెంబర్ 0గా ఉంచి, ఆర్2ను మెంబర్ 1గా చేర్చి, రెండింటినీ ఒకే వర్చువల్ ఛాసిస్‌గా, అంటే రెండు పెట్టెలూ కలిసి ఒకే రౌటర్‌లా, నడపాలి. ఆర్2లోని కాన్ఫిగ్ దానంతట అదే వచ్చి కలుస్తుందా, ముందుగా ఏమైనా చేయాలా అన్నది మీ ప్రశ్న.

కలవదు. ఛాసిస్ ఏర్పడిన తర్వాత చెల్లేది మాస్టర్ రౌటర్ కాన్ఫిగ్ ఒక్కటే. అదే నాలుగు రౌటింగ్ ఇంజిన్లకూ (రౌటర్‌ను నడిపే కంట్రోల్ కార్డులు, ఒక్కో రౌటర్‌లో రెండు) వెళ్తుంది, ఆర్2లో అంతవరకు ఉన్నది దాని కింద తుడిచిపెట్టుకుపోతుంది. కాబట్టి ఆర్2 కాన్ఫిగ్‌ను ఒక ఫైల్‌గా బయటికి తీసి, కొత్త పెట్టెలో చెల్లే రూపంలోకి మార్చి పెట్టుకోవాలి. ఆర్2 చేరాక ఆ ఫైల్‌ను మాస్టర్ నుంచి లోడ్ చేస్తారు. కేబుల్ పని గంటలో అయిపోతుంది. ఈ ఫైల్ తయారీకి మాత్రం రోజులు పడుతుంది, పడనివ్వండి. మెయింటెనెన్స్ విండోలో కూర్చుని చేసే పని కాదిది.

కాన్ఫిగ్ ముట్టుకునే ముందు హార్డ్‌వేర్ సరిపోతుందో లేదో తేల్చుకోండి. నాలుగు రౌటింగ్ ఇంజిన్లూ ఒకే మోడల్‌వి, ఒకే మెమరీతో ఉండాలి. నాలుగింటి మీదా ఒకే జూనోస్ (జునిపర్ ఆపరేటింగ్ సిస్టమ్) వెర్షన్ ఉండాలి, చివరి అంకెతో సహా. పాత డీపీసీ కార్డులు ఇందులో పని చేయవు, ట్రియో చిప్ ఉన్న ఎంపీసీ కార్డులే కావాలి. ఆర్2లో ఏ మూలనో ఒక డీపీసీ మిగిలి ఉంటే దాని మీది కస్టమర్లను ముందే వేరే కార్డుకు మార్చండి. రెండు రౌటర్లకూ వర్చువల్ ఛాసిస్ లైసెన్స్ కావాలి. ‘షో ఛాసిస్ నెట్‌వర్క్-సర్వీసెస్’ కొట్టి చూడండి. ఎన్‌హాన్స్‌డ్-ఐపీ అని రాకపోతే రెండింటిలోనూ ‘సెట్ ఛాసిస్ నెట్‌వర్క్-సర్వీసెస్ ఎన్‌హాన్స్‌డ్-ఐపీ’ పెట్టాలి, దానికి రీబూట్ తప్పదు. ఈ మార్పును అసలు పనికి కొన్నాళ్ల ముందే వేరే విండోలో చేసేయమని నా సలహా. ఏ కార్డయినా మొరాయిస్తే ఆ రోజే తెలుస్తుంది. కలిపే రాత్రి తెలిస్తే తప్పు దేనిదో తేల్చుకోవడం కష్టం.

ఇంటర్‌ఫేస్ పేర్లు

ఎంఎక్స్240, 480, 960లలో మెంబర్ 0 స్లాట్లు 0 నుంచి 11, మెంబర్ 1 స్లాట్లు 12 నుంచి 23. ఎంఎక్స్480లో లైన్ కార్డుల స్లాట్లు 0 నుంచి 5 వరకే అయినా 12 కలపడం మారదు. 6 నుంచి మొదలవుతుందనుకుని ఫైలంతా మార్చేసినవాళ్లూ ఉన్నారు. ఆర్2లో 0 నుంచి 5 స్లాట్లు ఇకపై 12 నుంచి 17. ఎక్స్‌ఈ-1/0/3 అన్నది ఎక్స్‌ఈ-13/0/3 అవుతుంది (అంకెలు వరుసగా స్లాట్, పిక్ అంటే కార్డులోని భాగం, పోర్ట్). పిక్, పోర్ట్ అంకెలు మారవు.

ఈ మార్పు కేబుల్ పెట్టినప్పుడు కాదు, మెంబర్ ఐడీ ఇచ్చి రీబూట్ అయిన క్షణం నుంచే వస్తుంది. అంటే ఆర్2కు మెంబర్ 1 ఐడీ ఇవ్వగానే దాని పాత ఎక్స్‌ఈ-1/0/3 కాన్ఫిగ్‌కు పోర్ట్ ఉండదు. ఆర్2 కస్టమర్ల డౌన్‌టైమ్ లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టండి.

పేర్లు మార్చడానికి ‘షో కాన్ఫిగరేషన్ | డిస్‌ప్లే సెట్’ రూపంలో ఫైల్ తీయండి. లైన్‌కు ఒక ఆదేశం ఉంటుంది కాబట్టి మార్చడం, తీసేయడం, పోల్చడం అన్నీ తేలిక. డాష్‌కు ముందున్న పేరు, స్లాట్ అంకె, స్లాష్ ఈ మూడూ కలిపి వెతికి మార్చండి. స్లాష్ వదిలేస్తే ‘ఎక్స్‌ఈ-1’ అన్నది ‘ఎక్స్‌ఈ-12’ లోపలా దొరికి మార్చినదాన్నే మళ్లీ మారుస్తుంది. ఎక్స్‌ఈ, జీఈ, ఈటీ అందరికీ గుర్తుంటాయి. మర్చిపోయేవి కార్డు మీద పుట్టే సర్వీస్ ఇంటర్‌ఫేస్‌లు: ఎస్‌ఐ, జీఆర్, ఎల్‌టీ, వీటీ, ఎంఎస్. ఇన్‌లైన్ నాట్ ఎస్‌ఐ-1/0/0 మీద ఉంటే అది ఎస్‌ఐ-13/0/0 కావాలి, నాట్ సర్వీస్ సెట్‌లో దాన్ని పిలిచే చోట కూడా.

ఇక్కడ డిస్క్రిప్షన్ లైన్లతో జాగ్రత్త. డిస్క్రిప్షన్‌లో అవతలి రౌటర్ పోర్ట్ పేరు రాసే అలవాటు దాదాపు ప్రతి నెట్‌వర్క్‌లో ఉంది. ‘ఆర్7 ఎక్స్‌ఈ-1/0/3 వైపు’ అని ఉన్నదాన్ని మీ స్క్రిప్ట్ ‘ఆర్7 ఎక్స్‌ఈ-13/0/3 వైపు’ అని మార్చేస్తుంది. కమిట్‌కు ఏ ఇబ్బందీ రాదు, కానీ ఆరు నెలల తర్వాత ఫైబర్ తెగిన రాత్రి అవతలివాళ్లకు లేని పోర్ట్ నంబర్ చెప్తారు. డిస్క్రిప్షన్ ఉన్న లైన్లను మార్పు నుంచి మినహాయించి, తర్వాత కంటితో చూసి సరిచేయండి.

వైల్డ్‌కార్డ్‌లు, ఇంటర్‌ఫేస్-రేంజ్‌లు వెతికితే దొరకవు, కానీ అర్థం మారిపోతుంది. ఆర్1లో క్లాస్-ఆఫ్-సర్వీస్ కింద ‘ఎక్స్‌ఈ-*’ అని షెడ్యూలర్ ఉంటే అది ఇకపై ఆర్2 పోర్టులకూ అంటుకుంటుంది. గ్రూప్‌లలో ఎంటీయూ కోసం పెట్టిన వైల్డ్‌కార్డ్ కూడా అంతే. ఇలాంటివి రెండు కాన్ఫిగ్‌లలోనూ పట్టుకుని, స్లాట్‌లవారీగా విడగొట్టాలా, అలాగే వదలాలా అన్నది ఒక్కొక్కటిగా నిర్ణయించుకోండి.

ఛాసిస్ కింద ఉన్నదానికి లెక్క వేరు. ఇక్కడ ఎఫ్‌పీసీ అంటే లైన్ కార్డు స్లాట్. విడి రౌటర్‌లో ‘సెట్ ఛాసిస్ ఎఫ్‌పీసీ 1 పిక్ 0 టన్నెల్-సర్వీసెస్ బ్యాండ్‌విడ్త్ 10జీ’ అని ఉన్నది ‘సెట్ ఛాసిస్ మెంబర్ 1 ఎఫ్‌పీసీ 1 పిక్ 0 టన్నెల్-సర్వీసెస్ బ్యాండ్‌విడ్త్ 10జీ’ అవుతుంది. మెంబర్ నంబర్ పక్కనే ఉంది కాబట్టి ఇక్కడ స్లాట్‌కు 12 కలపరు, అసలు స్లాట్ నంబరే. ఇన్‌లైన్ జేఫ్లో కోసం ఎఫ్‌పీసీ కింద కట్టిన శాంప్లింగ్-ఇన్‌స్టెన్స్ కూడా ఇలాగే మెంబర్ కిందికి వెళ్లాలి. ఇది మర్చిపోతే ట్రాఫిక్ సజావుగానే వెళ్తుంది, ఫ్లో రికార్డులు మాత్రం రావు, ఎవరో రిపోర్ట్ అడిగేదాకా తెలియదు. ఆర్1లో ఇంటర్‌ఫేస్ పేర్లు మారకపోయినా దాని ఛాసిస్ ఎఫ్‌పీసీ లైన్లు కూడా మెంబర్ 0 కిందికి మారాలని గుర్తుంచుకోండి.

ఒకే పేరు, వేరే అర్థం

పని అసలు బరువు ఇక్కడే. రెండు రౌటర్లనూ ఒకే టీమ్ కాన్ఫిగర్ చేసి ఉంటుంది కాబట్టి ఫిల్టర్లు, పాలసీలు, ప్రిఫిక్స్-లిస్ట్‌లు, వీఆర్‌ఎఫ్‌లు (కస్టమర్‌కు విడిగా ఉండే రౌటింగ్ టేబుళ్లు), ఏఈలు (కొన్ని లింకులను కలిపి కట్టిన ఇంటర్‌ఫేస్‌లు) ఒకే పేర్లతో ఉంటాయి. లోపలి సరుకు మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ వేరువేరై ఉంటుంది. ‘లోడ్ మెర్జ్’ అయినా ‘లోడ్ సెట్’ అయినా ఇందులో హెచ్చరిక ఏమీ ఇవ్వదు. ఒకే విలువ ఉండే చోట వచ్చినది పాతదాని మీద కూర్చుంటుంది. జాబితా అయితే చివర చేరుతుంది.

చివర చేరడం ఎంత ప్రమాదమో రౌటింగ్ ఇంజిన్‌ను కాపాడే ఫిల్టర్‌లో చూడండి. రెండింటిలోనూ ‘ప్రొటెక్ట్-ఆర్‌ఈ’ అనే ఫిల్టర్ ఉంది. ఆర్1లో టర్మ్‌లు వరుసగా ఎస్‌ఎస్‌హెచ్, బీజీపీ, ఓఎస్‌పీఎఫ్, చివర ‘మిగతా-డిస్కార్డ్’. ఆర్2లో వీటికి తోడు ‘బీఎఫ్‌డీ’ (లింక్ తెగిందని త్వరగా పసిగట్టే ప్రోటోకాల్) అనే టర్మ్ ఉంది, ఎందుకంటే బీఎఫ్‌డీ కస్టమర్లు దాని మీదే ఉన్నారు. ఆర్2 ఫైల్ లోడ్ చేస్తే బీఎఫ్‌డీ టర్మ్ ‘మిగతా-డిస్కార్డ్’ తర్వాత వచ్చి కూర్చుంటుంది. దాని దాకా ప్యాకెట్ రాదు. కమిట్ నిక్షేపంలా వెళ్లిపోతుంది, బీఎఫ్‌డీ సెషన్లు మాత్రం లేవవు. ఒకే పేరున్న టర్మ్‌లలో ఇంకో రకం: ఆర్1 ఎస్‌ఎస్‌హెచ్ టర్మ్‌లో ఒక సోర్స్ సబ్‌నెట్, ఆర్2 దాంట్లో మరొకటి ఉంటే, కలిశాక రెండూ అనుమతి పొందుతాయి. అది మీరు కోరుకున్నదేనా? కొన్నిసార్లు అవును, కొన్నిసార్లు పాత ఆఫీసు ఐపీలకు తలుపు తెరిచినట్టు.

అందుకని ఆర్2 ఫైల్‌లో ఫిల్టర్లు, పాలసీలు, ప్రిఫిక్స్-లిస్ట్‌లు, కమ్యూనిటీలు, పోలీసర్లు అన్నింటి పేర్ల ముందూ ‘ఆర్2-’ అని తగిలించండి, వాటిని పిలిచే చోట కూడా. చూడ్డానికి అంత బాగుండదు. అయినా రెండు పక్కపక్కన నిలబడి, ఏది ఎవరిదో స్పష్టంగా ఉంటుంది. ఏకం చేసే పని తర్వాత పగటిపూట తీరికగా చేసుకోవచ్చు. మినహాయింపు ఎల్‌ఓ0 (లూప్‌బ్యాక్) మీది ఫిల్టర్, అంటే పైన చెప్పిన ‘ప్రొటెక్ట్-ఆర్‌ఈ’ ఒక్కటే. అది పెట్టె మొత్తానికి ఒకటే కాబట్టి దాన్ని ముందే చేత్తో కలిపి, టర్మ్‌ల వరుస ‘ఇన్‌సర్ట్’ ఆదేశంతో సరిచేసి, ఆర్1 మీదే కమిట్ చేసి పరీక్షించండి.

పేరు మార్చినా తీరని గొడవలు మరికొన్ని ఉన్నాయి. ఫార్వర్డింగ్ క్లాస్‌లు పెట్టె మొత్తానికి ఒకటే. ఆర్1లో క్యూ 5 పేరు ‘వాయిస్’, ఆర్2లో క్యూ 5 పేరు ‘వాయిప్’ అయితే రెండోది మొదటిదాన్ని తొలగిస్తుంది, ‘వాయిస్’ను పిలిచే ఆర్1 క్లాసిఫయర్లు గాల్లో వేలాడతాయి. ఇది కమిట్ చెక్‌లో దొరుకుతుంది, అదొక్కటే నయం. ఆర్2 ఫైల్‌లో క్లాస్ పేర్లన్నీ ఆర్1 పేర్లకు మార్చి, క్యూ నిర్వచనాలు తీసేయండి. క్యూ నంబర్ల అర్థాలే తేడాగా ఉంటే, అంటే ఆర్1లో 3 వీడియో, ఆర్2లో 3 నెట్‌వర్క్ కంట్రోల్ అయితే, కలపడానికి ముందే ఆర్2ను ఆర్1 పద్ధతికి మార్చి కొన్నాళ్లు నడపండి.

ఏఈల సంగతికొస్తే, ఆర్2 ఏఈ0, ఏఈ1లను ఏఈ20, ఏఈ21 వంటి ఖాళీ నంబర్లకు మార్చండి. ‘ఛాసిస్ అగ్రిగేటెడ్-డివైసెస్ ఈథర్నెట్ డివైస్-కౌంట్’ కనీసం 22 ఉండాలి, ఎందుకంటే లెక్క సున్నా నుంచి. కౌంట్ తక్కువైతే కమిట్ అయినా ఆ ఏఈ పుట్టదు. ఐఆర్‌బీ (వీలాన్‌కు గేట్‌వేగా ఉండే ఇంటర్‌ఫేస్) యూనిట్లు కూడా తనిఖీ చేయండి. రెండు చోట్లా ఐఆర్‌బీ.100 వేర్వేరు కస్టమర్లకు వాడి ఉంటే, లోడ్ చేశాక ఒకే యూనిట్ మీద రెండు సబ్‌నెట్‌లు వస్తాయి. లేయర్ 2 ఇంకా చిక్కు: వీలాన్ 100 రెండు రౌటర్లలో సంబంధం లేని ఇద్దరిది అయితే ఇద్దరూ ఒకే బ్రిడ్జ్ డొమైన్‌లో పడతారు. ఆర్2 బ్రిడ్జ్ డొమైన్లన్నింటినీ వర్చువల్-స్విచ్ రకం రౌటింగ్-ఇన్‌స్టెన్స్ ఒకదాని లోపల పెట్టడం నాకు తెలిసినంతలో శుభ్రమైన దారి. వీలాన్ నంబర్ మార్చమని కస్టమర్‌ను అడగనక్కర్లేదు.

రౌటింగ్: ఇద్దరు ఒక్కరయ్యాక

ఇకపై రౌటర్-ఐడీ ఒకటే, లూప్‌బ్యాక్ గుర్తింపు ఒకటే. ఆర్2 ఫైల్ నుంచి రౌటర్-ఐడీ, ఐసిస్ నెట్ అడ్రస్, ఎఫ్‌ఎక్స్‌పీ0 (మేనేజ్‌మెంట్ పోర్ట్), మొత్తం సిస్టమ్ విభాగం, ఎస్‌ఎన్‌ఎంపీ విభాగం తీసేయండి. రౌటర్-ఐడీ లైన్ ఒక్కటి పొరపాటున మిగిలినా, అది ఆర్1 రౌటర్-ఐడీ మీద కూర్చుని, ఆర్1 మీది బీజీపీ, ఓఎస్‌పీఎఫ్ సెషన్లన్నింటినీ ఒక్కసారిగా కింద పడేస్తుంది. వీఆర్‌ఎఫ్‌లలో రౌట్-డిస్టింగ్విషర్‌కూ ఇదే ప్రమాదం. రెండు చోట్లా ఒకే వీఆర్‌ఎఫ్ పేరు, వేర్వేరు ఆర్‌డీలు ఉంటాయి. ఆర్1ది ఉంచి ఆర్2ది తీసేయండి.

ఆర్2 లూప్‌బ్యాక్ అడ్రస్‌ను మాత్రం వెంటనే పారేయకండి. దాన్ని ఎల్‌ఓ0 మీద రెండో అడ్రస్‌గా ఉంచి, ఆర్1 అడ్రస్‌కు ‘ప్రైమరీ’, ‘ప్రిఫర్డ్’ రెండూ పెట్టండి. రౌట్ రిఫ్లెక్టర్‌తో ఆర్2కు ఉన్న ఐబీజీపీ సెషన్ ఇక అవసరం లేదు. ఆర్1 సెషన్ చాలు, అవతల దాన్ని తీసేయమని చెప్పండి. కానీ ఎల్2సర్క్యూట్‌లు, వీపీఎల్‌ఎస్ వంటివి వేరు. అవతలి పీఈలు (ప్రొవైడర్ అంచు రౌటర్లు) ఆర్2 లూప్‌బ్యాక్‌ను నెయిబర్‌గా రాసుకుని ఉంటాయి. ఎల్‌డీపీ మామూలుగా రౌటర్-ఐడీ నుంచే మాట్లాడుతుంది కాబట్టి రెండో అడ్రస్ పింగ్‌కు పలికినా టార్గెటెడ్ సెషన్ లేవదు. ఆ పీఈలన్నింటిలోనూ నెయిబర్ అడ్రస్ ఆర్1కు మార్చాలి. ఎన్ని ఉన్నాయో ముందే ‘షో ఎల్2సర్క్యూట్ కనెక్షన్స్’తో జాబితా తీసి, మార్పు ఆదేశాలు రాసిపెట్టుకోండి. ఒకే సర్క్యూట్ ఐడీ ఆర్1, ఆర్2 రెండింటి నుంచీ ఒకే పీఈకి వెళ్తుంటే ఐడీ కూడా మార్చాల్సి వస్తుంది.

ఆర్2 మీది ఈబీజీపీ కస్టమర్లు ఇంటర్‌ఫేస్ అడ్రస్‌తో కట్టి ఉంటే అడ్రస్ మారదు, ఏఎస్ మారదు, పోర్ట్ పేరు మాత్రమే మారుతుంది. వాళ్లకు ఏమీ చెప్పక్కర్లేదు, డౌన్‌టైమ్ తప్ప. అయితే ఒకే కస్టమర్ ఆర్1కు, ఆర్2కు రెండింటికీ బీజీపీ పెట్టుకుని ఉంటే, రెండూ ఇప్పుడు ఒకే రౌటర్ నుంచి వస్తాయి. అతనికి రెండు రౌటర్ల భరోసా కావాలనే ఆ ఏర్పాటు. ఆ సంగతి ముందే మాట్లాడండి.

ఆర్1, ఆర్2 మధ్య నడిచినవన్నీ తీసేయాలి: వాటి మధ్య ఐజీపీ లింక్, ఐబీజీపీ, ఎంసీ-ల్యాగ్ (ఒకే లింకుల కట్టను రెండు రౌటర్లకు పంచడం) ఉంటే దాని ఐసీసీపీ, ఐసీఎల్. ఒకే స్విచ్ నుంచి రెండింటికీ వచ్చిన లింకులు ఇప్పుడు ఒకే ఏఈలోకి చేరాలి, ఎక్స్‌ఈ-1/0/0, ఎక్స్‌ఈ-13/0/0 రెండూ ఏఈ5 మెంబర్లుగా. ఇది మర్చిపోయి రెండు విడి పోర్టులను ఒకే బ్రిడ్జ్ డొమైన్‌లో వదిలేస్తే లూప్ ఖాయం.

వీఆర్‌ఆర్‌పీ (రెండు రౌటర్లు ఒకే గేట్‌వే అడ్రస్‌ను పంచుకునే ప్రోటోకాల్) జత కూడా అర్థం కోల్పోతుంది. ఐఆర్‌బీ మీద ఆర్1 సొంత అడ్రస్, వర్చువల్ అడ్రస్ ఉంచి, ఆర్2 సొంత అడ్రస్ తీసేయండి. వీఆర్‌ఆర్‌పీ గ్రూప్‌ను మాత్రం ఒంటరిగానైనా కొనసాగించమంటాను. అలాగైతే గేట్‌వే మ్యాక్ అడ్రస్ 00:00:5ఈ:00:01తో మొదలయ్యే అదే పాతది ఉంటుంది. గ్రాట్యుటస్ ఆర్ప్‌ను పట్టించుకోని పాత పరికరాలు కస్టమర్ దగ్గర ఎక్కడో ఒకటి ఉండనే ఉంటాయి.

‘రౌటింగ్-ఆప్షన్స్ గ్రేస్‌ఫుల్-రీస్టార్ట్’ ఆర్2లో ఉంటే ఆ లైన్ తీసేయండి, ఆర్1లో ఉన్నా తీయాల్సిందే. వర్చువల్ ఛాసిస్‌కు నాన్‌స్టాప్-రౌటింగ్ పెట్టాలి. ఈ రెండూ కలిసి ఉంటే కమిట్ ఒప్పుకోదు.

బయటి సిస్టమ్‌లు చూసే పేర్లు

పీపీపీఓఈ లేదా డీహెచ్‌సీపీ సబ్‌స్క్రైబర్లు ఆర్2 మీద ఉంటే ఇది చదవకుండా ముందుకెళ్లకండి. డీహెచ్‌సీపీ ఆప్షన్ 82లో, రేడియస్‌కు వెళ్లే నాస్-పోర్ట్-ఐడీలో రౌటర్ తన ఇంటర్‌ఫేస్ పేరు పెడుతుంది. ఎక్స్‌ఈ-1/0/0 అని ఉన్నది ఎక్స్‌ఈ-13/0/0 అయ్యేసరికి, రేడియస్‌లో పోర్ట్ బైండింగ్ ఉన్న సబ్‌స్క్రైబర్లందరూ తిరస్కరణ పాలవుతారు. పైగా ఆర్2 సోర్స్ అడ్రస్ నుంచి వచ్చే రేడియస్ రిక్వెస్టులు ఇక ఆర్1 అడ్రస్ నుంచి వస్తాయి. ఐపీ పూల్‌ను నాస్ ఐపీ బట్టి ఎంచే రేడియస్ అయితే ఆర్2 వాళ్లకు ఆర్1 పూల్ ఇస్తుంది. రేడియస్ వైపు మార్పును అదే విండోలో అదే క్రమంలో రాసుకోవాలి. ఎస్‌ఎన్‌ఎంపీ ఐఎఫ్‌ఇండెక్స్‌లు కూడా మారతాయి, గ్రాఫ్‌లను, బిల్లింగ్‌ను పోర్ట్ పేరుతో కట్టి ఉంటే అవి తెగిపోతాయి. పాత పేరు, కొత్త పేరు పట్టిక ఒకటి తయారుచేసి బిల్లింగ్ వాళ్లకు ముందే ఇవ్వండి.

పాస్‌వర్డ్‌లు, కీల గురించి ఒక మాట. డాలర్ 9తో మొదలయ్యే రహస్యాలు ఒక రౌటర్ నుంచి మరో దానికి అలాగే పనిచేస్తాయి. ఆర్2లో మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టి ఉంటే అవి డాలర్ 8తో ఉంటాయి, ఆర్1లో అదే మాస్టర్ పాస్‌వర్డ్ లేకపోతే విప్పలేదు. బీజీపీ ఎండీ5 కీలు, రేడియస్ సీక్రెట్‌లు అసలు రూపంలో మీ దగ్గర ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

గ్రూప్‌లు, సీరియల్ నంబర్లు, వీసీపీ

ఇప్పుడు ఆర్1లో వర్చువల్ ఛాసిస్ చట్రం కట్టాలి. విడి రౌటర్‌లో ఆర్‌ఈ0, ఆర్‌ఈ1 అనే గ్రూప్‌లు ఉంటాయి. మెంబర్ ఐడీ వచ్చాక ఆ పేర్లు ఎవరికీ వర్తించవు. కావలసినవి నాలుగు: మెంబర్0-ఆర్‌ఈ0, మెంబర్0-ఆర్‌ఈ1, మెంబర్1-ఆర్‌ఈ0, మెంబర్1-ఆర్‌ఈ1. పేరు ఈ అక్షరాలతోనే ఉండాలి. ఆర్1లో:

కాపీ గ్రూప్స్ ఆర్‌ఈ0 టు మెంబర్0-ఆర్‌ఈ0
కాపీ గ్రూప్స్ ఆర్‌ఈ1 టు మెంబర్0-ఆర్‌ఈ1

మెంబర్1 గ్రూప్‌లు రెండింటిలో ఆర్2 హోస్ట్‌నేమ్, ఎఫ్‌ఎక్స్‌పీ0 అడ్రస్, బ్యాకప్-రౌటర్ రాయండి. నాలుగింటినీ అప్లై-గ్రూప్స్‌లో పెట్టి, పాత ఆర్‌ఈ0, ఆర్‌ఈ1లను అందులోంచి తీసేయండి. ప్రతి ఇంజిన్‌కూ సొంత ఎఫ్‌ఎక్స్‌పీ0 అడ్రస్‌తో పాటు, నాలుగు గ్రూప్‌లలోనూ ఒకే అడ్రస్‌ను ‘మాస్టర్-ఓన్లీ’గా కలిపితే, మాస్టర్ ఎక్కడున్నా ఆ అడ్రస్‌తో చేరుకోవచ్చు. ఇదే నాలుగు గ్రూప్‌ల సెట్‌ను ఆర్2లో కూడా పెట్టాలి. ఇది పెట్టకుండా మెంబర్ ఐడీ ఇస్తే, రీబూట్ తర్వాత ఎఫ్‌ఎక్స్‌పీ0కు అడ్రస్ ఉండదు, కన్సోల్ తప్ప దారి ఉండదు. కన్సోల్ కేబుల్ నాలుగు ఇంజిన్లకూ పెట్టి ఉండాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

‘షో ఛాసిస్ హార్డ్‌వేర్’లో ఛాసిస్ అన్న లైన్‌లో ఉన్న సీరియల్ నంబర్ తీసుకోండి, మిడ్‌ప్లేన్‌ది కాదు. ఆర్1లో:

సెట్ వర్చువల్-ఛాసిస్ ప్రీప్రొవిజన్డ్
సెట్ వర్చువల్-ఛాసిస్ మెంబర్ 0 రోల్ రౌటింగ్-ఇంజిన్ సీరియల్-నంబర్ (ఆర్1ది)
సెట్ వర్చువల్-ఛాసిస్ మెంబర్ 1 రోల్ రౌటింగ్-ఇంజిన్ సీరియల్-నంబర్ (ఆర్2ది)
సెట్ సిస్టమ్ కమిట్ సింక్రొనైజ్
సెట్ ఛాసిస్ రిడండెన్సీ గ్రేస్‌ఫుల్-స్విచోవర్
సెట్ రౌటింగ్-ఆప్షన్స్ నాన్‌స్టాప్-రౌటింగ్

సీరియల్‌లో ఒక్క అక్షరం తప్పినా ఆర్2 చేరదు. చేత్తో టైప్ చేయకండి, కాపీ చేయండి.

స్ప్లిట్ డిటెక్షన్ మీద నిర్ణయం ఇప్పుడే తీసుకోండి. మామూలుగా అది ఆన్‌లో ఉంటుంది. వీసీపీ లింకులన్నీ (రెండు రౌటర్లను కలిపే వర్చువల్ ఛాసిస్ పోర్టుల మధ్యవి) తెగితే బ్యాకప్ రౌటర్ మాస్టర్ అవుతుంది, పాత మాస్టర్ లైన్-కార్డ్ పాత్రలోకి తప్పుకుంటుంది. చిక్కేమిటంటే, బ్యాకప్ రౌటర్ కరెంటు పోయి మొత్తంగా ఆగిపోయినా మాస్టర్‌కు తేడా తెలియదు, అప్పుడూ తప్పుకుంటుంది. అంటే ఆర్2 చచ్చిపోతే ఆర్1 కూడా సేవలోంచి పోతుంది. రెండు మెంబర్ల సెటప్‌లో, రెండూ ఒకే గదిలో ఉండి, వీసీపీలు వేర్వేరు కార్డుల మీద నాలుగైదు ఉంటే, లింకులన్నీ ఒకేసారి తెగడం కంటే ఒక రౌటర్ ఆగిపోవడమే ఎక్కువ సాధ్యం. అలాంటప్పుడు ‘సెట్ వర్చువల్-ఛాసిస్ నో-స్ప్లిట్-డిటెక్షన్’ పెట్టండి. రెండు భవనాల మధ్య ఒకే డక్ట్‌లో ఫైబర్ వెళ్తుంటే మాత్రం పెట్టకండి, ఇద్దరు మాస్టర్లు ఒకే అడ్రస్‌లతో నిలబడతారు.

వీసీపీగా వాడే పోర్టుల మీద అంతకుముందున్న కాన్ఫిగ్ ఏ రూపంలోనూ మిగలకూడదు. ఐజీపీకి వాడిన పాత ఆర్1–ఆర్2 లింకులే ఇందుకు చక్కగా పనికొస్తాయి. అన్నీ ఒకే వేగం, కనీసం రెండు, వేర్వేరు కార్డుల మీద, మధ్యలో స్విచ్ లేకుండా నేరుగా.

విండో రాత్రి

ముందుగా రెండింటి మీదా ‘షో ఇంటర్‌ఫేసెస్ టెర్స్’, ‘షో బీజీపీ సమ్మరీ’, ‘షో ఆర్ప్ నో-రిజాల్వ్’, ‘షో ఎల్‌ఎల్‌డీపీ నెయిబర్స్’ ఫైళ్లుగా దాచండి. ఆర్2 పాత కాన్ఫిగ్‌ను కూడా బయటి సర్వర్‌కూ, ఆర్2 రెండు ఇంజిన్ల వార్-టెంప్‌లోకీ కాపీ చేయండి. ఒక ఇంజిన్‌లో పెట్టిన ఫైల్ రెండోదాంట్లో ఉండదు.

ఆర్1లో ‘రిక్వెస్ట్ వర్చువల్-ఛాసిస్ మెంబర్-ఐడీ సెట్ మెంబర్ 0’. అడిగితే అవునని చెప్పండి, రౌటర్ రీబూట్ అవుతుంది, కాబట్టి ఆర్1 కస్టమర్లకు కూడా డౌన్‌టైమ్ ఉంది, అది ముందే చెప్పి ఉండాలి. ఆర్1 లేచి, దాని కస్టమర్లు యథాతథంగా ఉన్నారని చూశాకే ఆర్2లో ‘మెంబర్ 1’ ఇవ్వండి. రెండింటినీ ఒకేసారి రీబూట్ చేస్తే కొన్ని నిమిషాలు కలిసొస్తాయి, కానీ గొడవ వస్తే రెండు చోట్లా ఒకేసారి వస్తుంది. ఆ తర్వాత రెండింటిలోనూ, ముందు ఆర్1లో:

రిక్వెస్ట్ వర్చువల్-ఛాసిస్ వీసీ-పోర్ట్ సెట్ ఎఫ్‌పీసీ-స్లాట్ 1 పిక్-స్లాట్ 0 పోర్ట్ 0

ఇక్కడ కూడా ఆయా రౌటర్‌లోని అసలు స్లాట్ నంబరే, 12 కలపరు. ‘షో వర్చువల్-ఛాసిస్ స్టేటస్’లో ఒకటి మాస్టర్, ఒకటి బ్యాకప్, రెండూ ప్రెజెంట్ అని కనిపించాలి. ‘షో వర్చువల్-ఛాసిస్ వీసీ-పోర్ట్ ఆల్-మెంబర్స్’లో పోర్టులు అప్. ఆపైన ‘షో ఇంటర్‌ఫేసెస్ టెర్స్’లో 12 నుంచి 17 స్లాట్ల పోర్టులు లెక్కకు సరిపోయాయో చూడండి.

అవన్నీ కుదిరాకే మాస్టర్‌లో ఆర్2 ఫైల్‌ను ‘లోడ్ సెట్’తో ఎక్కించండి. ‘షో | కంపేర్’ను ఓపికగా చదవండి. అందులో ఒక్క మైనస్ గుర్తు కనిపించినా ఆగండి. ఆర్2 ఫైల్ కలపడమే తప్ప తీయకూడదు. మైనస్ ఉందంటే ఆర్1 విలువ ఏదో మారుతోంది. అది మీరు కోరుకున్నదైతే సరే, కాకపోతే ‘రోల్‌బ్యాక్ 0’ చేసి ఫైల్ సరిచేయండి. ఆపైన ‘కమిట్ చెక్’, ఆపైన కమిట్. చివరగా ‘షో టాస్క్ రెప్లికేషన్’లో ప్రోటోకాల్స్ అన్నీ కంప్లీట్ అయ్యేదాకా ఎదురుచూసి, దాచిన ఫైళ్లతో పోల్చండి. వీలైతే లోకాలిటీ-బయాస్ కూడా పెట్టండి, జూనోస్ 14.1 నుంచి ఉంది. సమాన మార్గాలున్నప్పుడు ట్రాఫిక్ వచ్చిన ఛాసిస్ నుంచే బయటికి వెళ్తుంది, వీసీపీల మీద అనవసరమైన బరువు పడదు.

వెనక్కి రావాల్సి వస్తే: ఆర్2లో వీసీ-పోర్ట్‌లను ‘డిలీట్’ చేసి, ‘రిక్వెస్ట్ వర్చువల్-ఛాసిస్ మెంబర్-ఐడీ డిలీట్’. రీబూట్ తర్వాత ఆర్2 లేచేది పాత కాన్ఫిగ్‌తో కాదు, చివరగా కమిట్ అయిన వర్చువల్ ఛాసిస్ కాన్ఫిగ్‌తో. అందులో ఆర్1 అడ్రస్‌లు కూడా ఉంటాయి. కాబట్టి ఆర్2 అప్‌లింక్ ఫైబర్లు ముందే లాగేసి, కన్సోల్ నుంచి వార్-టెంప్‌లో దాచిన పాత ఫైల్‌ను ‘లోడ్ ఓవర్‌రైడ్’తో ఎక్కించి కమిట్ చేశాకే ఫైబర్లు తిరిగి పెట్టండి. ‘లోడ్ ఓవర్‌రైడ్’ సెట్ ఆదేశాల ఫైల్‌ను తీసుకోదు, బ్రాకెట్ల రూపంలోని కాన్ఫిగ్ కావాలి. ఆర్2ను మొదట దాచేటప్పుడే రెండు రూపాల్లోనూ దాచండి.